శివారు చేను నుంచి: లినక్సుకు డెవలపర్ సాఫ్ట్‌వేర్ అందించేవారికి బహిరంగ లేఖ

ఉబుంటు, డెబియన్, ఫెడోరా లాంటి లినక్సు పంపిణీలు నడిపేవారికి, వాటిలో కంపైలర్లూ డేటాబేసులూ ఎడిటర్లూ మూటగట్టి పెట్టేవారికి, సొంత వెబ్‌సైట్లో ‘ఇన్‌స్టాల్ ఇలా చేసుకోండి’ అని నాలుగు వరుసలు రాసి వదిలేసేవారికి, ఈ అందరిలోనూ ఉన్న మన తెలుగువాళ్ళకు,

నమస్కారం.

పాలకొల్లులో కాలువ గట్టు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు నాది. మీరు చేసేది గొప్ప పని. మీలో చాలామంది పైసా జీతం లేకుండా చేస్తున్నారు. ఆ సంగతి తెలిసే రాస్తున్నాను. ఇంతకుముందు మూడుసార్లు రాశాను, ఎక్కడ రాయాలో అక్కడే, బగ్ రిపోర్టుల్లోనే. మొదటిదానికి ‘ఇది మా తప్పు కాదు, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళని అడగండి’ అని జవాబొచ్చింది. వాళ్ళని అడిగితే ‘అది పంపిణీవాళ్ళు చూసుకోవాలి’ అన్నారు. మూడోదానికి మనిషన్నవాడెవడూ పలకలేదు. చాలా రోజులుగా కదలిక లేదు కాబట్టి మూసేస్తున్నామని ఒక బాట్ చెప్పి మూసేసింది. కదలిక లేదనే కదండీ నా ఫిర్యాదు! అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ముందు మా దగ్గర ఏం జరుగుతోందో చెబుతాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరో ఆపైదో ఉండాలి. మా పిల్లల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా ఆరో తరం, ఏడో తరం సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు. హైదరాబాదు ఆఫీసుల్లో నాలుగేళ్ళు అరిగి, ఇక్కడికొచ్చి రెండో జన్మ ఎత్తినవి. బండికేమీ కాలేదు. ఎస్‌ఎస్‌డీ వేసి, ఎనిమిది జీబీ ర్యామ్ పెట్టి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్సు ఎక్కిస్తే ఇంకో నాలుగైదేళ్ళు నడుస్తుంది. ఆచంట నుంచి, యలమంచిలి నుంచి, మొగల్తూరు నుంచి, రేవు దాటి సఖినేటిపల్లి నుంచి కూడా వస్తున్నారు పిల్లలు. బీటెక్, డిప్లొమా, డిగ్రీ కంప్యూటర్స్. లినక్సు ఎక్కించడం నాకు అరగంట పని. అంతవరకూ మీరు నిజంగా బాగుచేశారు. ఒకప్పుడు వైఫై డ్రైవరు కోసం రాత్రంతా కూర్చున్నవాణ్ణి, ఒప్పుకుంటాను.

అసలు కష్టం ఆ తర్వాత, పిల్ల ఇంటికెళ్ళి సి, జావా, పైథాన్, మైఎస్‌క్యూఎల్ ఎక్కించుకుందామని కూర్చున్నాక మొదలవుతుంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఒకమ్మాయి వచ్చింది. సెకండియర్ సీఎస్‌ఈ. వాళ్ళ నాన్న కొబ్బరితోట కౌలుకు చేస్తాడు. రెండు దింపుల డబ్బు పెట్టి ఆ ల్యాప్‌టాప్ కొన్నారు. (కంప్యూటర్ తెలుగులో డౌన్‌లోడ్‌ని దింపుకోలు అంటున్నారు. మా వైపు దింపు అంటే కాయల దింపే, నలభై అయిదు, యాభై రోజులకోసారి వస్తుంది. కొన్ని డౌన్‌లోడ్‌లూ అలాగే ఉంటున్నాయి లెండి.) మధ్యాహ్నం లినక్సు ఎక్కించి పంపాను. సాయంత్రం ఫోను.

“అంకుల్, కీబోర్డు పన్జెయ్యట్లేదండి. పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ పడట్లేదు.”

“పడదమ్మా. అలాగే కొట్టేసి ఎంటర్ నొక్కు.”

“కనపడకపోతే సరిగ్గా కొట్టానో లేదో ఎలా తెలుస్తుందండి?”

నా దగ్గర జవాబు లేదు. నలభై, యాభై ఏళ్ళ నాటి అలవాటది, భద్రత కోసమంటారు. లినక్స్ మింట్ అనే పంపిణీలో మాత్రం సుడో (పూర్తి అధికారంతో కమాండ్ నడిపే పద్ధతి) పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు పడతాయి. అక్కడేమీ కొంపలు మునిగిపోలేదు.

అరగంటకి మళ్ళీ ఫోను. ఇన్‌స్టాల్ కమాండ్ కొడితే, తాళం కోసం ఎదురుచూస్తున్నాను, ఫలానా ప్రాసెస్ పట్టుకుని ఉంది అని చెప్పి సెకన్లు లెక్కపెడుతోందట. ఆ ప్రాసెస్ పేరు ‘అన్‌అటెండెడ్ అప్‌గర్’. ‘అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్’ అనే పేరు పదిహేను ఇంగ్లీషు అక్షరాల దగ్గర తెగిపోతే మిగిలింది అది. ‘ఇది వైరస్సా అంకుల్?’ అంది. కాదమ్మా, కొత్తగా ఎక్కించాం కదా, వెనకాల సెక్యూరిటీ అప్‌డేట్లు పడుతున్నాయి, కాసేపు ఆగు అన్నాను. నేను చెప్పిన ఆ ఒక్క వాక్యం ఆ తెర మీద ఉంటే ఆ పిల్ల నాకు ఫోన్ చేసేది కాదు. అదే నేను రెండోసారి ఫోన్ ఎత్తకపోయి ఉంటే? వాళ్ళ క్లాసులో ఇంకో కుర్రాడికి అదే జరిగింది. నెట్‌లో వెతికితే ఎవరో మహానుభావుడు ‘ఆ తాళం ఫైలు డిలీట్ చేసెయ్’ అని రాశాడు. చేసేశాడు. అప్‌డేట్ ఒక పక్క, ఇన్‌స్టాల్ ఒక పక్క కలబడి, సగం మూటలు (ప్యాకేజీలు) సగంలో ఆగాయి. మర్నాడు పొద్దున్నే బ్యాగు తగిలించుకుని కొట్టు తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాడు. కాలేజీ ఎగ్గొట్టి, బస్సు ఛార్జీలు పెట్టుకుని.

ఇలాంటివి నా పుస్తకంలో చాలా ఉన్నాయి. మీ ముందు పెట్టాల్సినవి వరుసగా రాస్తాను.

1. పేరు తెలిస్తేనే సరుకు. మా కిరాణా కొట్లో ‘ఆవకాయకి కావలసినవి కట్టండి’ అంటే ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కట్టి ఇస్తాడు. మీ కొట్లో ‘సి ప్రోగ్రాము రాసుకోవాలి’ అంటే ఏమీ రాదు. ఉబుంటు, డెబియన్లలో ఆ మూట పేరు బిల్డ్ ఎసెన్షియల్. ఆర్చ్‌లో బేస్ డెవెల్. ఫెడోరాలో డెవలప్‌మెంట్ టూల్స్ అనే గుంపు. లైబ్రరీ కావాలంటే పేరు చివర డెబియన్ వైపు ‘డెవ్’ ఉంటుంది, ఫెడోరా వైపు ‘డెవెల్’ ఉంటుంది. పుస్తకంలో పైథాన్ అని ఉంటుంది, ఉబుంటులో పైథాన్ అని కొడితే అలాంటిది లేదంటుంది, పైథాన్3 అనాలి. ఆ చిక్కు తీర్చడానికి ‘పైథాన్ ఈజ్ పైథాన్3’ అని ఒక మూటే పెట్టారు. ఆ పేరు ఊహించగలిగినవాడికి ఆ మూట అక్కర్లేదు. డెబియన్‌లో ‘నోడ్’ అనే పేరు హామ్ రేడియో వాళ్ళ ప్రోగ్రాముకు ముందే ఉండటంతో జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు నడిపే నోడ్ కొన్నేళ్ళపాటు ‘నోడ్‌జేఎస్’ అని వేరే పేరుతో బతికింది. ‘డాకర్’ అని అడిగితే ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడి డబ్బాల్లో పెట్టి నడిపే డాకర్ బదులు డెస్క్‌టాప్ మూలన చిన్న బొమ్మలు పెట్టే ఇంకేదో వచ్చిన రోజులున్నాయి, అసలుది ‘డాకర్ డాట్ ఐఓ’. వీటికి కారణాలున్నాయి. చదివాను, న్యాయమైనవే. ఆ చరిత్ర తెలియని పిల్ల మాత్రం తనకే బుర్ర లేదనుకుంటుంది.

2. పాత సరుకు. ఉబుంటు 22.04 విడుదలైంది 2022 ఏప్రిల్‌లో. దాని సొంత సాఫ్ట్‌వేర్ గిడ్డంగిలో పెట్టింది నోడ్ 12వ వెర్షన్. ఆ 12వ వెర్షన్‌కు నోడ్ వాళ్ళే మద్దతు ఆపేసింది ఎప్పుడు? అదే ఏప్రిల్ 30న. అంటే గృహప్రవేశం నాటికే బియ్యం పురుగుపట్టాయి. ఐదేళ్ళు మద్దతుండే విడుదల కదా అని మేం నమ్మి ఎక్కిస్తాం. పిల్లవాడు కొత్త రియాక్ట్ ప్రాజెక్టు నడపబోతే, ప్రశ్నార్థకం దగ్గర సింటాక్స్ ఎర్రర్ అంటుంది. నోడ్ పాతదని అనదు. వాడు తన కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ రాత్రి రెండు దాకా కూర్చుంటాడు. తప్పు అక్కడ లేదు కాబట్టి దొరకదు.

3. గుమ్మాలెక్కువ. డెబ్, ఆర్‌పీఎం, స్నాప్, ఫ్లాట్‌ప్యాక్, యాప్‌ఇమేజ్, టార్ డాట్ జీజెడ్, ఇవన్నీ సాఫ్ట్‌వేర్ దొరికే రూపాలు, ఇవి కాక టెర్మినల్లో (కమాండ్లు కొట్టే తెరలో) అతికించే ఒక్క లైను స్క్రిప్టు. ‘వీటిలో ఏది అంకుల్?’ అని అడుగుతారు. నేను చెప్పే జవాబు సాఫ్ట్‌వేర్‌ని బట్టి మారుతుంది, పంపిణీని బట్టి మారుతుంది, నిజం చెప్పాలంటే ఆరోజు నా మూడ్‌ని బట్టి కూడా మారుతుంది. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌నే తీసుకోండి. స్టోర్‌లో ఫ్లాట్‌ప్యాక్‌గా దొరికేది గూట్లో పెట్టిన పిట్టలాంటిది. బయట సిస్టమ్‌లో ఎక్కించిన కంపైలర్లు దానికి నేరుగా కనపడవు. పిల్ల జావా ఎక్కించింది, టెర్మినల్లో వస్తోంది, ఎడిటర్లో లేదంటోంది. ఏది అబద్ధం? రెండూ నిజమే! యాప్‌ఇమేజ్ అయితే ఫైలు దించుకుని రెండుసార్లు నొక్కితే చాలంటారు. ఉబుంటు 22.04 నుంచి దానికి కావలసిన ఫ్యూజ్ 2 లైబ్రరీ ముందుగా ఉండటం లేదు. చాలా యాప్‌ఇమేజ్‌లు రెండుసార్లు కాదు, ఇరవైసార్లు నొక్కినా ఉలకవు, పలకవు. టెర్మినల్ నుంచి పిలిస్తేనే కారణం చెబుతాయి. ఉబుంటు 24.04 వచ్చిన కొత్తలో డెబ్ ఫైలు మీద రెండుసార్లు నొక్కినా కొత్త యాప్ సెంటర్ దాన్ని ఎక్కించలేకపోయింది, తర్వాత సరిచేశారు. ఆ మధ్యలో కాలేజీలు తెరిచారు.

4. కరెంటూ, డేటా. మాది గాలివాన దేశం. ఇన్‌స్టాల్ నడుస్తుండగా కరెంటు పోతుంది, పాత ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ నిలవదు. మళ్ళీ తెరిస్తే ‘డీపీకేజీ (మూటలు ఎక్కించే ప్రోగ్రాము) మధ్యలో ఆగిపోయింది, మీరే స్వయంగా ఫలానా కమాండ్ నడపాలి’ అంటుంది. ఏ కమాండో కూడా అక్షరం పొల్లుపోకుండా చెబుతుంది. మరి అంత తెలిసినప్పుడు, ‘నడపమంటారా?’ అని అడిగి అదే నడపొచ్చు కదా. మందు పేరు నోటితో చెప్పి చీటీ మాత్రం నువ్వే రాసుకో అనే డాక్టర్ని ఎక్కడా చూడలేదు. ఇక డేటా. రోజుకి ఒకటిన్నర, రెండు జీబీల ప్యాక్ మీద ఇల్లంతా బతుకుతుంది. అమ్మ సీరియలూ, తమ్ముడి ఆటా అందులోనే. ఆండ్రాయిడ్ స్టూడియో ఒక్కటే ఒక జీబీ పైన. ఫ్లాట్‌ప్యాక్‌లో చిన్న ఎడిటర్ అడిగితే దాని వెనక వందల ఎంబీల రన్‌టైమ్ దిగుతుంది. మధ్యలో తెగితే ఆరోజు ప్యాక్ గోదాట్లో కలిసినట్టే. ఎంత దిగబోతోందో ముందే, నొక్కకముందే చెప్పే పేజీలు నేను చూసినంతలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

5. అనుమతులు. ఈసీఈ పిల్లలు ఆర్డుయినో బోర్డు తగిలించి ప్రోగ్రాము ఎక్కించబోతే ‘పర్మిషన్ డినైడ్’. యూజర్ని డయలౌట్ అనే గుంపులో చేర్చాలి. టెలిఫోను మోడెమ్‌ల కాలం నాటి పేరది, బోర్డుకీ దానికీ ఏం సంబంధమో ఎవడికి తెలుస్తుంది? చేర్చాక లాగవుటై మళ్ళీ రావాలి, ఆ ముక్క చాలాచోట్ల రాయరు. డాకర్‌దీ ఇదే కథ. మైఎస్‌క్యూఎల్ ఉబుంటులో పెట్టుకుని రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజరుగా, లోపలికి వెళ్ళబోతే ‘యాక్సెస్ డినైడ్’. పాస్‌వర్డ్ తప్పు కాదు. అక్కడ రూట్‌ను గుర్తుపట్టేది పాస్‌వర్డ్‌తో కాదు, సిస్టమ్‌లో ఎవరుగా ఉన్నారో చూసి. సుడోతో పిలిస్తే తలుపు తెరుచుకుంటుంది. డీబీఎంఎస్ ల్యాబ్ రికార్డు శుక్రవారం ఇవ్వాల్సిన పిల్లలు గురువారం రాత్రంతా లేని పాస్‌వర్డును మార్చుకుంటూ కూర్చుంటారు.

6. భయం పోవడం. ఇది అన్నిటికంటే ప్రమాదమని నా అభిప్రాయం. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి పైథాన్ మూటలు ఎక్కించే పిప్‌తో నేరుగా సిస్టమ్ పైథాన్‌లోకి ఏదైనా ఎక్కించబోతే కుదరదంటుంది, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అనే విడి గది చేసుకోమంటుంది. మంచి సలహా. సరే అని అది చేయబోతే, దానికి కావలసిన వెన్వ్ మూట ఈ సిస్టమ్‌లో లేదంటుంది. పిల్లకు మిగిలే దారి, అదే సందేశం చివర రాసి ఉన్న ఇంకో మాట: ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’. సిస్టమ్ పాడైనా ఫరవాలేదు అని పేరులోనే ఉంది. పని జరుగుతుంది. అప్పట్నుంచి ఎర్రర్ వచ్చినప్పుడల్లా చదవడం మానేసి అతికించడం అలవాటవుతుంది. ముక్కూమొహం తెలియనివాడు రాసిన స్క్రిప్టుకి సుడో పెట్టి, ఇంటి తాళాలన్నీ చేతిలో పెడతారు. ఒక డిప్లొమా కుర్రాడు పాత పైథాన్ తీసేసి కొత్తది పెడదామనుకుని పైథాన్3ని తీసెయ్యమన్నాడు. తెర నిండా పేర్ల జాబితా, కింద ‘వై/ఎన్’. వై నొక్కాడు. ఆ జాబితాలో డెస్క్‌టాప్ మొత్తం ఉంది. నల్లటి తెర తీసుకుని వచ్చి, ‘అంకుల్, నేనేం చేశానో నాకే తెలీదండి’ అన్నాడు.

ఆ జాబితా చదవకపోవడం వాడి తప్పే అంటారా? 2021 నవంబరులో కెనడా యూట్యూబర్ లినస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లినక్సు పంపిణీలో స్టీమ్ అనే ఆటల యాప్ పెట్టబోయి అచ్చంగా ఇలాగే డెస్క్‌టాప్‌ని పీకేసుకున్నాడు. ‘అవును, నేను చెప్పినట్టే చెయ్యి’ అని ఇంగ్లీషులో టైపు చెయ్యమంటే చేశాడు. కంప్యూటర్లతో పుట్టి పెరిగినవాడు! లోకమంతా చూసింది. ఆ తర్వాత ఆప్ట్ అనే ఇన్‌స్టాల్ ప్రోగ్రామును మార్చారు, ముఖ్యమైన మూటల్ని అంత తేలిగ్గా తీసెయ్యకుండా కట్టడి చేశారు. సంతోషం. పేరున్నవాడు పడితే గొయ్యి పూడ్చారు. యలమంచిలి కుర్రాడు పడితే బాట్ వచ్చి ఫైలు మూసేస్తోంది.

వీటివల్ల ఏం పోతోందో లెక్కకట్టి చెప్పమంటే నా దగ్గర అంకెల్లేవు. కళ్ళతో చూసింది చెప్పగలను. హాస్టల్లో సీనియర్ ఉన్న కుర్రాడికి ఈ చిక్కులన్నీ పది నిమిషాల పని, ఎవడో ఒకడు చెప్పేస్తాడు. ఇంట్లో మొదటిసారి కంప్యూటర్ చూసిన పిల్లకి, రోజూ బస్సులో వెళ్ళొచ్చే పిల్లకి ఆ సీనియర్ లేడు. ఆడపిల్ల రాత్రి తొమ్మిదింటికి ఎవర్ని అడుగుతుంది? వారం తిప్పలుపడి, చివరికి ‘కోడింగ్ నాకు రాదు అంకుల్’ అంటుంది. అప్పటికి ఆ పిల్ల ఒక్క వరుస కోడ్ కూడా రాయలేదు! తండ్రి ఇంకో ఆలోచన చేస్తాడు. ‘ఈ లినక్సూ అదీ వద్దండి, అప్పు చేసైనా కొత్త ల్యాప్‌టాప్ కొనేద్దాం.’ ఈఎంఐ మీద ఈఎంఐ. బాగున్న బండి అటకెక్కుతుంది.

మా పిల్లలకి ఇంగ్లీషు రాకపోవడం వల్ల వచ్చిందిది అనుకునేరు. ఇంగ్లీషు వచ్చు. ‘అన్‌మెట్ డిపెండెన్సీస్, హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్’ అన్నది ఇంగ్లీషు ప్రొఫెసరుకి చూపించినా అర్థం కాదు. తెలుగులో ఇస్తే సంతోషమే, అనువాదానికి నేనూ చెయ్యి వేస్తాను. కానీ అర్థంకాని ఇంగ్లీషుని అర్థంకాని తెలుగులోకి మార్చి ఏం లాభం? పైగా చాలా టెర్మినళ్ళలో మన ఒత్తులూ గుణింతాలూ విడిపోయి, ఎండిన చేపల్లా పడి ఉంటాయి.

మీకు మా కాలువల సంగతి ఒకటి చెప్పాలి. కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. ఆనకట్ట ఒక్కటే కట్టి ఊరుకుంటే మా చేలు తడిసేవి కావు. కాలువలు, లాకులు, తూములు, బోదెలు, ఆ బోదె గట్టు మీద చీపురూ పారా పట్టుకుని తిరిగే లస్కరూ, ఇంతమంది ఉంటేనే చేలో తడి. దాళ్వాలో (రెండో పంటకి) ఎద్దడి వస్తే వంతులు పెడతారు. కాలువ మొదలయ్యే విజ్జేశ్వరం దగ్గర ఇన్ని క్యూసెక్కులు వదిలాం అని పేపర్లో వస్తుంది. శివారు రైతు ఆ అంకె చూడడు, తన బోదెలోకి చూస్తాడు. మీరు విడుదల నోట్స్ రాసేటప్పుడు విజ్జేశ్వరం దగ్గర నిలబడి రాస్తున్నారు. నా కొట్టు మొగల్తూరు శివారులో ఉందనుకోండి.

కాబట్టి మేం కోరేవి ఇవి.

ఒకటి, పని పేరుతో మూటలు. ‘సి ల్యాబ్’, ‘పైథాన్’, ‘వెబ్’, ‘ఆర్డుయినో’ అని స్టోర్‌లో కనపడాలి, నొక్కితే కంపైలరూ ఎడిటరూ అనుమతులూ అన్నీ కలిపి రావాలి. లాగవుట్ కావాలంటే అదే అడగాలి. ఇదేమీ కొత్తది కాదు. డెబియన్ ఇన్‌స్టాలర్లో పనుల్ని బట్టి గుంపులు ఎంచుకునే టాస్క్‌సెల్ ఎప్పట్నుంచో ఉంది. కేరళలో ప్రభుత్వ పాఠశాలలకి కైట్ సంస్థ ఇచ్చే లినక్సులో పాఠాలకి కావలసిన సాఫ్ట్‌వేర్ ముందే ఉంటుంది. అక్కడి టీచర్లు పిల్లల్ని డిపెండెన్సీల కోసం తిప్పించరు.

రెండు, ఎర్రర్ కింద తర్వాతి అడుగు. కమాండ్ ఏమిటో మీ ప్రోగ్రాముకు తెలిస్తే, అనుమతి అడిగి అదే నడపాలి. తెలియకపోతే మామూలు మాటల్లో ఒక్క వాక్యం. ఇది జరిగితే నా ఫోను సగం ఊరుకుంటుంది.

మూడు, ఇన్‌స్టాల్ పేజీ మీద తారీఖు. ఫలానా పంపిణీ ఫలానా వెర్షన్ మీద, ఫలానా రోజున, కొత్తగా ఎక్కించిన మిషన్ మీద చేసి చూశాం అని రాయాలి. చూడకపోతే చూడలేదని రాయాలి. ఒకే పేజీలో ఏడు దారులు చూపించకుండా, కొత్తవాళ్ళకి ఇది అని ఒకటి పైన పెట్టి, మిగతావి కిందకి తొయ్యాలి. ఎంత డేటా దిగుతుందో ఆ బటన్ మీదే ఉండాలి.

నాలుగు, స్టోర్‌లో ఒకే పేరుతో రెండు కనిపిస్తే తేడా చెప్పాలి. ఎవరు మూటగట్టారు, సిస్టమ్‌లోని కంపైలర్లు దానికి కనపడతాయా లేదా, రెండే ముక్కలు.

ఐదు, సుడో పాస్‌వర్డ్‌కి చుక్కలు.

ఆరు, తెగిపోయిన డౌన్‌లోడ్ ఆగినచోటు నుంచే మొదలవ్వాలి, పెద్ద సాఫ్ట్‌వేర్‌లకి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళే పూర్తి మూట ఇవ్వాలి. డెబియన్ మొత్తం గిడ్డంగిని డీవీడీల్లో ఇచ్చిన కాలం మాకు గుర్తుంది. ఒక్కడు కొట్లో దించుకుంటే ఊరంతా పంచుకునేవాళ్ళం.

ఏడు, విడుదలకి ముందు లినక్సు ఎప్పుడూ ముట్టనివాణ్ణి ఒకణ్ణి కూర్చోబెట్టి, మీరు పక్కన నోరు మూసుకుని గంట సేపు చూడండి. నోరు మూసుకోవడమే కష్టం. నేను ప్రయత్నించాను, పది నిమిషాలు ఆగలేకపోయాను.

మా జిల్లాల ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల ల్యాబ్ పెద్దలకి కూడా ఒక మాట. సిలబస్‌తోపాటు ‘లినక్సులో ఇలా ఎక్కించుకోవాలి’ అనే ఒక్క కాగితం, మీరే చేసి చూసి ఇవ్వండి. కాలేజీ నెట్‌వర్క్‌లో ఒక మిర్రర్ (సాఫ్ట్‌వేర్ గిడ్డంగికి నకలు) పెడితే పిల్లల ప్యాక్‌లు మిగులుతాయి. ఇంకా టర్బో సి నీలం తెర మీద వాయిడ్ మెయిన్, సీఎల్ఆర్ఎస్‌సీఆర్ నేర్పిస్తున్నవాళ్ళు దయచేసి ఆపండి. ఆ ప్రోగ్రాము ఇంటికొచ్చి లినక్సు సి కంపైలర్ జీసీసీలో నడపబోతే కోనియో హెడర్ లేదంటుంది. పిల్ల లినక్సుని తిడుతుంది. 1990ల నాటి కంపైలరుకి ఇవాళ్టి పిల్లలెందుకు కప్పం కట్టాలి?

జీతం లేకుండా పనిచేసే ఒంటరి మనిషి మీద ఇవన్నీ రుద్దడం నా ఉద్దేశం కాదు. ఈ సాఫ్ట్‌వేర్ మీద కోట్లు సంపాదిస్తున్న కంపెనీలున్నాయి, వాటిలో పనిచేసే మన పిల్లలున్నారు. భీమవరంలోనో అమలాపురంలోనో చదువుకుని వెళ్ళినవాళ్ళే, మెస్సులో గొడవపడి సీనియర్ గదిలో జావా పాత్ పెట్టించుకున్నవాళ్ళే. వాళ్ళు వారంలో ఒక పూట దీనికి కేటాయిస్తే చాలు. నా వంతుగా, కొట్లో రెండు పాత మిషన్లు ఖాళీగా పెడతాను. మీ కొత్త విడుదల పంపితే, లినక్సు తెలియని పిల్లతో ఎక్కించి, ఎక్కడ ఆగిందో గీత గీతా రాసి పంపుతాను. డబ్బులక్కర్లేదు. జవాబు మాత్రం మనిషి ఇవ్వాలి.

చివరగా, సంక్రాంతికి వచ్చిన అమ్మాయి సంగతి. మూడు వారాలు పట్టింది గానీ అన్నీ ఎక్కించుకుంది. ఎక్కించుకుంటూ, ఏ అడుగులో ఏం వచ్చింది, ఏం కొడితే పోయింది, అన్నీ లాంగ్ నోట్‌బుక్‌లో పెన్నుతో రాసింది. పధ్నాలుగు పేజీలు. తప్పులు ఎర్ర ఇంకు. అది కొట్లో మేకుకి తగిలించాను. వచ్చినవాళ్ళు పక్క కొట్లో జిరాక్సు తీయించుకుంటున్నారు, జిరాక్సు కొట్టువాడు లినక్సు పుస్తకం అనే అంటున్నాడు దాన్ని. ఒక కాపీ ఈ లేఖతోపాటు మీకు పంపుతున్నాను. మీరు ఒక్కొక్కటీ సరిచేసినప్పుడల్లా ఏ పేజీ ఇక అక్కర్లేదో ఒక ముక్క రాయండి. మేకుకున్న దాంట్లోంచి ఆ పేజీ చింపేస్తాను.

ఇట్లు,
పాలకొల్లులో కంప్యూటర్లు బాగుచేసుకునే ఒకడు